అత్తగారి ముందు ఆఖరి ప్రాక్టికల్

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన పెద్ద డాక్టరు గారికి, ఇన్నేళ్ళూ నాతో కలిసి పాఠాలు చెప్పి, నా కోపాన్ని భరించి, నేను గదిలోంచి బయటికి వెళ్ళగానే నా గురించి చెప్పుకుని ఊరట పొందిన తోటి టీచర్లకు, వార్డు సిస్టర్లకు, ఆయాలకు, వార్డు బాయ్‌లకు, ముందు వరసలు ఖాళీగా వదిలేసి వెనక వరసల్లో ఒకరి మీద ఒకరు కూర్చున్న నా నర్సింగ్ పిల్లలకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇంకొకరికి కూడా చెప్పాలి. ఈ బల్ల మీద, పూలగుచ్ఛం పక్కన ఒక ఫోను ఉంది చూశారా, అది ఎవరో మరిచిపోయి వెళ్ళింది కాదు, దయచేసి దాన్నెవరూ కదపకండి. ఇందులో నేను మాట్లాడేదంతా సరిగ్గా ఈ హాలు పై అంతస్తులో, చివరి గదిలో, మా అక్క దిండు పక్కన పెట్టిన ఇంకో ఫోనులో వినపడుతోంది. మా అక్క ఆఖరి రోజుల్లో ఉంది. ఈ మాట అనగానే వేదిక మీది పెద్దలు ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. దించుకోకండి. ఉన్నమాటను ఉన్నట్టు, మెత్తగా చెప్పడం నేర్పించే ఉద్యోగమే నేను ఇన్నాళ్ళూ చేశాను, ఇవాళ ఆఖరి రోజున మా ఇంటి సంగతి దాచిపెడితే వెనక వరసల వాళ్ళు నన్ను ఊరికే వదిలిపెట్టరు.

ఈ సన్మానం వాయిదా వేద్దామని ప్రిన్సిపాల్ గారే అన్నారు. నేనూ సరేనన్నాను. మా అక్క ఒప్పుకోలేదు. "నలుగురూ కూర్చుని నిన్ను పొగుడుతుంటే వినాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. ఇంట్లో ఎలాగూ ఆ పని చేసేవాళ్ళు లేరు. నువ్వు కింద మాట్లాడు, నేను పైన పడుకుని వింటా" అంది. అందుకే కాలేజీలో జరగాల్సిన సభ ఆసుపత్రి హాల్లోకి మారింది. కుర్చీలు మోసిన వార్డు బాయ్‌లు నన్ను మనసులో ఏమనుకున్నారో నాకు తెలుసు, క్షమించాలి. ఇప్పటిదాకా మీరందరూ నా మీద కురిపించిన పొగడ్తలన్నీ ఆవిడ విన్నది. (ఫోను వైపు వంగి) ఏం అక్కా, చాలా?

(ఫోనులోంచి ఒక అమ్మాయి గొంతు: "మేడమ్, పెద్దమ్మ ఇంకాస్త గట్టిగా మాట్లాడమంటున్నారు." నవ్వులు)

విన్నారుగా. చిన్నప్పుడు బడిలో పద్యం చెప్పేటప్పుడూ ఇదే గొడవ ఈవిడతో. ఆ గొంతు మా ఆఖరి సంవత్సరం అమ్మాయిది. ఆ పిల్లను క్లాసులో అందరూ నెమ్మది అని పిలుస్తారు. ఎందుకో తర్వాత చెప్తాను.

పెద్ద డాక్టరు గారు మాట్లాడుతూ, ఆయన కొత్తగా వచ్చిన రోజుల్లో నేను ఆయన్ని వార్డులోంచి బయటికి పంపేశానని చెప్పారు. నిజమే. ఎందుకు పంపానో మాత్రం ఆయన పెద్దమనిషి తరహాలో దాటేశారు, నాకు అంత పెద్దరికం లేదు కాబట్టి చెప్పేస్తాను. అప్పుడు మా వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి. ఈయన మంచం కాళ్ళవైపు నిలబడి, విద్యార్థులను చుట్టూ పెట్టుకుని, ఆ ఊపిరితిత్తుల్లో ఏ మూల ఎంత చెడిందో విడమరిచి చెప్పి, చివర్లో "ఇక మనం చేయడానికి ఏమీ లేదు" అన్నారు. డ్రైవరు కళ్ళు మూసుకునే ఉన్నాడు. నేను ఈయన దగ్గరికి వెళ్ళి, "డాక్టరు గారూ, ఒక్క నిమిషం అలా బయటికి రండి" అన్నాను. వచ్చారు. "ఆయన నిద్రపోవట్లేదండీ, వింటున్నాడు" అన్నాను. అంతే నేనన్నది. కాస్త గట్టిగా అన్నానేమో.

దాని తర్వాత ఈయన ఏం చేశారో అది ఈయన చెప్పుకోలేదు కాబట్టి అదీ నేనే చెప్పాలి. తిరిగి లోపలికి వెళ్ళి, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని, "పొరపాటైంది, మీ ముందు అలా మాట్లాడకూడదు" అన్నారు. ఆ డ్రైవరు కళ్ళు తెరిచి, "ఏం ఫర్వాలేదు బాబూ. ఆ కిటికీ కాస్త తీయించు, గాలి మొహానికి తగిలి చాలా రోజులైంది" అన్నాడు. జన్మంతా కిటికీ పక్క కూర్చుని బండి నడిపిన మనిషి మరి. చేయడానికి ఏమీ లేదన్న చోట ఒక కిటికీ ఉంది. డాక్టరు గారు స్వయంగా లేచి తీశారు, ఆ రెక్క తుప్పు పట్టి రాకపోతే భుజం పెట్టి తోశారు. అప్పట్నుంచి ఈయనంటే నాకు గౌరవం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు, చెప్తే చెడిపోతారని. (నవ్వులు)

ఇప్పుడు అత్తగారి గురించి చెప్పకపోతే ఈ సభ పూర్తి కాదు. బయటి పెద్దలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను, మా ప్రాక్టికల్ గదిలో మంచం మీద ఒక బొమ్మ ఉంది. మనిషంత బొమ్మ. పిల్లలు దానికి ఒళ్ళు తుడుస్తారు, పక్కకు తిప్పుతారు, దుప్పటి మారుస్తారు. ఎంత సేవ చేసినా బాగుందని ఒక్క మాట అనదు కాబట్టి ఎప్పుడో ఒక బ్యాచ్ పిల్లలు దానికి అత్తగారని పేరు పెట్టారు. ఆ పేరు స్థిరపడిపోయింది, ఆఖరికి స్టోర్ గుమాస్తా కూడా "అత్తగారికి కొత్త దిండు వచ్చింది, సంతకం పెట్టండి" అంటాడు. చనిపోబోయే మనిషి దగ్గర ఎలా ఉండాలో నేను పుస్తకంలోంచి చెప్పింది తక్కువ, అత్తగారి మంచం దగ్గర నిలబెట్టి చేయించింది ఎక్కువ. తెర తీసే ముందు "రావచ్చా" అని అడగాలి. నేను ఫలానా అని చెప్పాలి. చెయ్యి వేసే ముందు ఎక్కడ వేస్తున్నామో చెప్పాలి. పెదాలు తడపాలి, మడమలు పరుపుకు ఒరుసుకోకుండా కింద మెత్తటిది పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, మంచానికి అటొకరు ఇటొకరు నిలబడి ఆ మనిషి మీదుగా క్యాంటీన్ సంగతులు మాట్లాడుకోకూడదు.

కొత్తలో పిల్లలకు ఇదంతా నవ్వులాటగానే ఉంటుంది. బొమ్మను పట్టుకుని రావచ్చా అండీ అని అడగమంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఒకసారి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి అత్తగారితో "మీరేం భయపడకండి, అంతా తగ్గిపోతుంది, వారంలో ఇంటికెళ్ళిపోతారు" అంది. నేను ఊరుకోలేదు. "ఆవిడకు తగ్గదని నీకు తెలుసు, ఆవిడకూ తెలుసు. అబద్ధం చెప్పావు, క్షమాపణ చెప్పు" అన్నాను. ఆ పిల్ల బొమ్మ చెయ్యి పట్టుకుని "తప్పైపోయింది అత్తగారూ" అంది. అధికారి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్ళి, ఆ టీచరుకు కొన్నాళ్ళు సెలవు ఇస్తే మంచిదేమో అన్నారట. (నవ్వులు) అప్పుడు ఇవ్వని సెలవు ప్రిన్సిపాల్ గారు ఇవాళ ఒకేసారి ఇచ్చేస్తున్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఈ ఆసుపత్రిలోనే వార్డు సిస్టరు. మూడో వరసలో ఉంది, తలెత్తదులే.

సరే, నెమ్మది సంగతి. దుప్పటి మార్చడం పరీక్షలో మిగతావాళ్ళు రెండు మంచాలు పూర్తి చేసేసరికి ఈ పిల్ల ఒక దిండు గలీబు దగ్గరే ఉండేది. "నువ్వు దుప్పటి మార్చేలోపు పేషెంటు డిశ్చార్జి అయిపోతాడు" అని క్లాసు అందరి ముందూ అన్నాను. పేరు అలా వచ్చింది. మా అక్కను పై గదిలో చేర్చాక, కాస్త చురుకైన అమ్మాయిని వేయమని వార్డు సిస్టరును అడిగాను. సిస్టరు వేసింది కూడా, ఆ అమ్మాయికి తోడుగా నెమ్మదిని ఉంచింది. మూడు పూటలు గడిచాయో లేదో మా అక్క నన్ను పిలిచి, "ఆ తుపానును పంపించెయ్. ఆ రెండో పిల్లను ఉంచు, నిదానంగా ఉంటుందే, ఆ పిల్లను" అంది. మా అక్క దర్జీ. కుట్టు మిషను మీద కూర్చుని నన్ను చదివించింది. నా మొదటి యూనిఫాం ఆవిడే కుట్టింది, లోపల ఎప్పుడూ ఒక పిన్నీసు పెట్టుకోవే, ఎప్పుడు ఏది ఊడుతుందో తెలియదు అని తనే గుచ్చింది. నాకు పిన్నీసు మేడమ్ అని పేరొచ్చింది అందుకే. నాకు తెలియదనుకుంటున్నారు, తెలుసు. (నవ్వులు) ఆ దర్జీ అక్క అంది, "ఆ పిల్ల నన్ను పక్కకు తిప్పుతుంటే ఖరీదైన బట్ట పట్టుకున్నట్టు పట్టుకుంటుందే" అని. నేను మార్కులు తగ్గించిన పిల్లకు మా అక్క ఒక్క మాటతో పూర్తి మార్కులు వేసేసింది.

(ఫోను వైపు) అక్కా, వింటున్నావా?

(ఫోనులో అమ్మాయి గొంతు: "వింటున్నారు మేడమ్. కళ్ళు మూసుకుని వింటున్నారు.")

మంచిది. పిల్లలూ, మీకు ఎన్నిసార్లు చెప్పాను, చూపు మసకబారినా, మాట ఆగిపోయినా, వినికిడి చాలాసేపు ఉంటుందని, అందుకే చివరిదాకా మాట్లాడుతూనే ఉండమని. చెప్పడం తేలిక.

మొన్న ఒక మధ్యాహ్నం జరిగింది చెప్తాను. అక్క మంచం పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాను. చేరిన దగ్గర్నుంచి అలా పట్టుకునే కూర్చుంటున్నాను, చెల్లెలిగా నా వంతు నేను చేస్తున్నానని నాకు లోపల కాస్త తృప్తి కూడా. నెమ్మది వచ్చి, పెదాలు తడిపి, వెళ్ళబోతూ ఆగి, నా పక్కన వంగి చాలా చిన్న గొంతుతో, "మేడమ్, మీరు చెయ్యి పట్టుకోలేదు" అంది. అదేమిటి అని చూసుకున్నాను. నా మూడు వేళ్ళు అక్క మణికట్టు మీద, బొటనవేలి కిందుగా ఉన్నాయి. ఇంకో చేతికున్న గడియారం నా మొహానికి ఎదురుగా ఉంది. నేను నాడి చూస్తున్నాను. ఇన్ని రోజులూ నాడి చూస్తూ, అక్క చెయ్యి పట్టుకున్నాననుకున్నాను. ఈ పొరపాటు లోకంలో ఇంకెవరూ చేయరు, మన ఉద్యోగం వాళ్ళే చేస్తారు.

ఆ పిల్ల నా వేళ్ళు ఒక్కొక్కటీ తీసి, నా అరచేతిని అక్క అరచేతిలో పెట్టింది. తనకు అలవాటైన నిదానంతోనే పెట్టింది. "నర్సుగా మేం ఉన్నాం మేడమ్. మీరు చెల్లెలిగా ఉండండి" అంది. అప్పుడు తగిలింది నాకు అక్క చూపుడువేలి కొస. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకుతేలిన వేలు. చిన్నప్పుడు జ్వరం వస్తే నా నుదురు మీద తిరిగిన వేలు. ఇన్ని రోజులు పక్కనే కూర్చుని నేను దాన్ని తాకనే లేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ సాయంత్రం అక్కకు కాస్త తేటగా ఉంది. నా వైపు తిరిగి, "నేను పోతే నువ్వెలా ఉంటావే చిన్నదానా?" అని అడిగింది. మా ఇద్దరికీ ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు, ఆవిడ పెళ్ళి మానుకున్నది నా చదువు కోసం, నేను మానుకున్నది ఆవిడ కోసం, ఎవరు ముందు మానుకున్నారన్న దగ్గర ఇప్పటికీ పోట్లాడుకుంటాం. అలాంటి అక్క అడిగితే నేనేమన్నానో తెలుసా? "ఆ మాటలెందుకు ఇప్పుడు, ముందు ఈ సూపు రెండు చెంచాలు తాగు" అన్నాను.

వెనక వరసల్లో గుసగుసలు వినపడుతున్నాయి. అవును. పేషెంటు అడిగినప్పుడు ఎప్పుడూ అనకూడని మాట ఏదని అడిగితే మీరు నిద్రలో కూడా చెప్పే మాట అదే. అత్తగారి ముందు మీలో ఎవరైనా ఆ మాట అంటే నేను గదిలోంచి బయటికి పంపేదాన్ని. అక్క రెండు చెంచాలు తాగింది, గోడ వైపు తిరిగింది.

మర్నాడు ఆవిడ అదే ప్రశ్న నెమ్మదిని అడిగిందట. "మా చెల్లెలు ఎలా ఉంటుందమ్మా?" అని. నెమ్మది, "అది మేడమే చెప్పాలి పెద్దమ్మా, మీరు అడిగారని నేను వాళ్ళకు చెప్తాను" అందట. వచ్చి నాకు చెప్పింది. నాకు కోపం వచ్చింది. "నాకే పాఠాలు చెప్తున్నావా?" అన్నాను. ఆ పిల్ల బెదరలేదు, ఎదురు చెప్పలేదు. "మీరు చెప్పిందే మేడమ్" అంది. నిజమే, నేను చెప్పిందే. ఇక బెంగ లేదని ఇంటివాళ్ళు అనేదాకా కొందరు ప్రాణం వదల్లేక ఆగుతారని, అలాంటప్పుడు కొడుకునో కూతురినో పక్కకు పిలిచి, "మేం ఉంటాం, మీరు మా గురించి బెంగపెట్టుకోకండి అని చెప్పండి" అని నెమ్మదిగా నచ్చచెప్పాలని నేనే నేర్పాను. నేను స్వయంగా ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అప్పట్నుంచి రోజూ అక్క చెవి దగ్గరికి వంగుతున్నాను. దిండు సర్దనా అంటున్నాను, దాహమా అంటున్నాను, ఫ్యాను తగ్గించనా అంటున్నాను. అనవలసింది తప్ప అన్నీ అంటున్నాను.

(ఫోను చేతిలోకి తీసుకుని)

ప్రిన్సిపాల్ గారూ, కార్యక్రమంలో లేనిది ఒకటి చేస్తాను, మన్నించాలి. నెమ్మదీ, ఈ ఫోను ఇప్పుడు ఆపేస్తున్నాను. పైకొస్తున్నానని అక్కతో చెప్పు.

(ఫోనులో అమ్మాయి గొంతు: "అలాగే మేడమ్. ఇంకా వింటూనే ఉన్నారు." ఫోను ఆపివేశారు.)

అత్తగారి ముందు చేసి చూపించకుండా నేను ఏ పిల్లనూ వార్డులోకి వెళ్ళనివ్వలేదు. నాకు మాత్రం వేరే రూలు ఎందుకు? అందుకని పెద్దలు ఏమీ అనుకోకుండా, కాసేపు మీరంతా అత్తగారు. డాక్టరు గారూ, మీరు కూడా. (నవ్వులు) అత్తగారు మెచ్చుకోదు, ఓదార్చదు, చప్పట్లు కొట్టదు, ఊరికే వింటుంది. అంతే చాలు నాకు.

రావచ్చా అక్కా? నేను, చిన్నదాన్ని. నీ చెయ్యి పట్టుకుంటున్నాను. అరచెయ్యే.

దిండు సర్... (ఆగి) చూశారా. మళ్ళీ మొదట్నుంచి.

అక్కా, నేను. నువ్వు పోతే ఎలా ఉంటానని అడిగావు. బాగుండను. బాగుంటానంటే నువ్వు నమ్మవు, నేను అబద్ధం చెప్తే నా చెవులు ఎర్రబడతాయని నీకు తెలుసు. కొన్నాళ్ళు తిండి సహించదు. ఎక్కడైనా మిషను చప్పుడు వినపడితే నువ్వేననుకుని తల తిప్పుతాను. ఎవరితోనైనా పోట్లాడాలనిపిస్తే ఎవరూ ఉండరు. కానీ ఉంటాను అక్కా. లేస్తాను, వండుకుంటాను, పిన్నీసు పెట్టుకుంటాను. ఈ పిల్లలు వస్తూ పోతూ ఉంటారు, వాళ్ళను తిట్టడానికైనా ఉంటాను. నీ మిషను ఎవరికీ ఇవ్వను, దాని మీద ఏదీ పెట్టను. నా కోసం నువ్వు ఓర్చుకుంటున్నావని నాకు తెలుసు. ఇక ఓర్చుకోకు. చాలా అలిసిపోయావు. నా చదువు అయిపోయింది అక్కా, ఉద్యోగం కూడా అయిపోయింది. నువ్వు పడుకో.



అంతే. ఇదే ఆఖరి ప్రాక్టికల్. మధ్యలో ఒకసారి తప్పు దొర్లింది, అయినా వార్డులోకి వెళ్ళడానికి అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

పిల్లలూ, ఏడవకండి అని చెప్పను, నర్సు ఏడవకూడదని నేనెప్పుడూ చెప్పలేదు. మొహం కడుక్కుని డ్యూటీకి వెళ్ళండి, అంతే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో మనిషి పడుకున్న రోజున మీకు తెలిసిందంతా మీ చేతికి అడ్డం వస్తుంది. అప్పుడు మీ వేళ్ళు తీసి సరైన చోట పెట్టే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషిని మీరు ఇప్పట్నుంచే తయారు చేసుకోండి, నిదానంగా ఉంటే తిట్టకండి.

నా కోసం సభ చోటు మార్చిన ప్రిన్సిపాల్ గారికి, కిటికీ తీసిన డాక్టరు గారికి, నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ పూలు కింది వార్డులో ఎవరికైనా ఇవ్వండి, ఫోటోలు ఇంకోరోజు దిగుదాం. నా చేతి గడియారం తీసి ఈ బల్ల మీద పెడుతున్నాను, ఎవరైనా జాగ్రత్త చేయండి, ఇవాళ నాకు దాంతో అవసరం లేదు. "మేడమ్, పైన పనేమన్నా ఉంటే మేం చూసుకుంటాం" అని వార్డు సిస్టరు సైగ చేస్తోంది. పని అంతా నెమ్మది చూసుకుంటోందమ్మా. పైన నాకు పనేమీ లేదు. అక్క ఉంది.

సెలవు.